పాత వీడియో గేమ్ క్యాసెట్ ఆడటం లేదా? ఊదకండి, ఇలా తుడవండి

ముందే చెప్తున్నా, క్యాసెట్‌లో నోటితో ఊదకండి. ఈ ఒక్క ముక్క విని మిగతాది చదవకుండా వెళ్ళిపోయినా నాకేం బాధ లేదు.

ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. పండక్కి ఊరెళ్తారు, అటక మీద పాత వీడియో గేమ్ డబ్బా కనిపిస్తుంది, దాంతో పాటు నాలుగైదు పసుపు క్యాసెట్లు. పెట్టగానే టీవీలో బూడిద రంగు తెర. వెంటనే ఎవరో ఒకరు క్యాసెట్ పీకి, మౌతార్గాన్ వాయించినట్టు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఊదేసి మళ్ళీ గుచ్చుతారు. ఒక్కోసారి గేమ్ వచ్చేస్తుంది కూడా, అదే వచ్చిన చిక్కు. వచ్చింది ఊదినందుకు కాదు, తీసి మళ్ళీ పెట్టినందుకు. అలా పెట్టినప్పుడు క్యాసెట్ అంచున ఉండే రాగి రేకులు, అవే పిన్నులు, డబ్బా స్లాట్ లోపలివాటికి రాసుకుని, మీదున్న మురికి పొర కాస్త చెదిరి కనెక్షన్ దొరుకుతుంది. మీ నోటి తడి మాత్రం రాగి మీద ఉండిపోతుంది, ఆరు నెలల తర్వాత చిలుం అయి బయటపడుతుంది. ఊదొద్దని ఈ గేమ్ డబ్బాలు తెచ్చిన జపాన్ కంపెనీ నింటెండో వాళ్ళే తమ క్యాసెట్ల వాడకం సూచనల్లో రాశారు. ఎవరు చదివారు కనక.

మన ఇళ్ళలో తొంభైల్లో ఆడినవి దాదాపు అన్నీ నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ డబ్బాకి నకళ్ళు. వాటి క్యాసెట్‌కి 60 పిన్నులు, ఈ వైపు ముప్పై, ఆ వైపు ముప్పై. అదే డబ్బాని అమెరికాలో ఎన్‌ఈఎస్ పేరుతో అమ్మారు, దానికి 72 పిన్నులు, క్యాసెట్ కూడా పెద్దది. మీకు అక్కడి బంధువులు ఎవరైనా తెచ్చి ఇచ్చి ఉంటే తప్ప మీ దగ్గరున్నది 60 పిన్నులదే. తుడిచే పద్ధతి రెండిటికీ ఒకటే.

సామాన్లు

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా (హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మేవాళ్ళని అడగండి, మిగతా ఊళ్ళలో ఆన్‌లైన్‌లో), ఇయర్ బడ్స్ ఒక ప్యాకెట్, పెన్సిల్ చెరిపే మెత్తటి తెల్ల రబ్బరు, స్క్రూడ్రైవరు, పాత నూలు పంచె ముక్క, గడువు అయిపోయిన ఏటీఎం కార్డు. అంతే. శానిటైజర్ వద్దు, అందులో చేతికి మెత్తదనం కోసం కలిపినవి పిన్నుల మీద జిడ్డుగా మిగులుతాయి. కొబ్బరినూనె, పెట్రోలు, తలుపు బందులకి కొట్టే స్ప్రే, ఇవేవీ వద్దు. ఎందుకు అని అడగొద్దు, అన్నీ చూశాను.

విప్పడం

స్క్రూ ఉంటే తిప్పండి, లేకపోతే పక్కన సందులో ఏటీఎం కార్డు దూర్చి నెమ్మదిగా తెరవండి, క్లిప్పులు టక్‌మంటూ ఊడతాయి. లోపల ఆకుపచ్చ బోర్డు, మధ్యలో నల్లటి తారు చుక్క లాంటిది కనిపిస్తుంది. చిప్ ఆ చుక్క కింద ఉంటుంది, దాని జోలికి పోకండి. అంతటి 999999 ఇన్ 1 క్యాసెట్ లోపల ఇంతేనా అని దిగాలు పడకండి. అందులో నిజంగా ఉండేవి నాలుగైదు గేమ్‌లే, వాటినే వేరే వేరే లెవెల్ నుంచి మొదలుపెట్టి వేరే పేర్లు పెట్టారు.

జెల్డా, ఫైనల్ ఫాంటసీ లాంటివి అసలు క్యాసెట్లే మీ దగ్గర ఉంటే, లోపల గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, మీ సేవ్, అంటే ఎక్కడిదాకా ఆడారో దాచిన లెక్క, దాని దయ మీదే బతుకుతోంది. దాన్ని ముట్టుకోకుండా పని కానివ్వండి.

తుడవడం, అసలు కథ ఇక్కడ

జనం పాడుచేసేది ఇక్కడే కాబట్టి తొందరపడకుండా చదవండి.

ముందు బోర్డుని అంచులు పట్టుకుని వెలుతురులోకి తీసుకెళ్ళి చూడండి. పిన్నుల మీద వేళ్ళు పెట్టకండి, వేలి జిడ్డు కూడా మురికే. పిన్నులు బంగారు రంగులోనో రాగి రంగులోనో కనిపించాలి. మసకగా ఉంటే ఉత్త మురికి, నల్లగా ఉంటే గాలికి పట్టిన పొర, ఆకుపచ్చగా ఉంటే చిలుం. ఒక్కోదానికి ఒక్కో మందు, కానీ మొదలు మాత్రం అన్నిటికీ ఆల్కహాల్‌తోనే.

ఇయర్ బడ్‌ని ఆల్కహాల్‌లో తడపండి, ముంచి కారేలా కాదు, తడిస్తే చాలు. ఇప్పుడు ముఖ్యమైన మాట: పిన్నుల పొడవు వెంట తుడవాలి. బోర్డు లోపలి వైపు నుంచి అంచు వైపుకి, ఒకే దిశలో. అడ్డంగా, అంటే ఒక పిన్ను మీద నుంచి పక్క పిన్ను మీదకి ఈడ్చుకుంటూ పోకూడదు. ఇంటర్నెట్‌లో వీడియోలు పెట్టేవాళ్ళు సగం మంది అడ్డంగానే రుద్దుతారు, చూస్తుంటే నాకు చేతులు పిసుక్కోవాలనిపిస్తుంది. అడ్డంగా రుద్దితే దీని మురికి దాని మీదకి పోతుంది, సరే, అది చిన్న విషయం. అసలు ప్రమాదం ఏంటంటే నకలు క్యాసెట్లలో రాగి రేకు బోర్డుకి అంటీ అంటనట్టు ఉంటుంది, ముప్పై ఏళ్ళలో ఆ జిగురు ఇంకా నీరసపడి ఉంటుంది, దూది పోగు ఒకటి రేకు అంచుకి తగులుకుంటే మొత్తం పిన్ను పొరలా లేచొస్తుంది. లేచిన పిన్నుని మళ్ళీ అతికించడం ఇంట్లో అయ్యే పని కాదు.

నాలుగు పిన్నులకి ఒక బడ్ లెక్క పెట్టుకోండి. ఒక కొనతో తడి తుడుపు, రెండో కొనతో పొడి తుడుపు. బడ్ నల్లగా వస్తే పారేసి కొత్తది తీసుకోండి, అదే బడ్‌తో చివరిదాకా లాగించే పిసినారితనం ఇక్కడ పనికిరాదు. కొత్త బడ్ తెల్లగా పోయి తెల్లగా వచ్చేదాకా చేయాలి. నాకు ఒక్కో క్యాసెట్‌కి పది పదిహేను బడ్స్ అవుతాయి. రెండో వైపు మర్చిపోకండి. నవ్వకండి, ఒక వైపే తుడిచి "అన్నా, ఇంకా రావట్లేదు" అని ఫోన్ చేసినవాళ్ళున్నారు.

ఇంత చేసినా నలుపు పోకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, తెల్ల రబ్బరు. అది కూడా పొడవు వెంటే, రెండు మూడు సార్లు, పసిపిల్ల బుగ్గ తుడిచినంత మెల్లగా. పెన్ను ఇంకు చెరిపే గరుకు రబ్బరు కాదు, అందులో ఇసుకలాంటి పొడి ఉంటుంది. రబ్బరు పొట్టు పడుతుంది కాబట్టి తర్వాత మళ్ళీ ఒకసారి ఆల్కహాల్‌తో తుడిచి తీరాలి. ఆ పొట్టే స్లాట్‌లోకి పోతే ఇప్పటిదాకా ఉన్న సమస్య పోయి కొత్తది వస్తుంది.

ఎమరీ పేపర్ మాట ఎత్తకండి. తళతళ మెరుస్తుంది, నిజమే, గేమ్ కూడా వెంటనే వస్తుంది. మెరిసేది ఎందుకంటే మీద ఉన్న పూత పోయి లోపలి పచ్చి రాగి బయటపడింది కాబట్టి. పచ్చి రాగి మన తేమకి, అందులోనూ కోస్తా ఊళ్ళలో, ఎన్నాళ్ళు ఉంటుంది? మళ్ళీ నల్లబడుతుంది, మళ్ళీ గీకుతారు, కొన్నాళ్ళకి గీకడానికి రాగి కూడా మిగలదు. పదో తరగతిలో నా కాంట్రా క్యాసెట్‌ని నేను చంపింది సరిగ్గా ఇలాగే.

చిలుం పట్టిన క్యాసెట్ తీసుకొచ్చి మా బావ ఒకసారి గొప్ప ప్రయోగం చేశాడు. రాగి చెంబు చింతపండుతో తళుక్కుమంటుంది కదా, ఇదీ రాగే కదా అని చింతపండు రుద్దాడు. చెప్పొద్దూ, పోయింది చిలుం. కానీ చెంబుని బిందెడు నీళ్ళతో కడుగుతాం, బోర్డుని కడగలేం. ఆ పులుపు రేకుల కిందకి దిగి లోపల్లోపల తినడం మొదలుపెట్టింది, మూడు వారాలకి పిన్నులు వాటంతటవే ఊడాయి. చిలుం ఉన్నచోట ఆల్కహాల్ తడిపిన బడ్‌ని ఒక అర నిమిషం ఆనించి ఉంచి తర్వాత తుడవండి, రెండు మూడు విడతలు. మిగిలితే రబ్బరు. అప్పటికీ మిగిలితే దాంతో సర్దుకుపోండి. పిన్ను అందంగా కనిపించక్కర్లేదు, స్లాట్‌లో దానికి తగిలే ఒక సన్నటి గీత మేర శుభ్రంగా ఉంటే చాలు.

అయ్యాక పది నిమిషాలు ఆరనివ్వండి. ఆల్కహాల్ నిజానికి నిమిషంలో ఆరిపోతుంది, కానీ పది నిమిషాలు అని చెప్తే మనవాళ్ళు మూడు నిమిషాలైనా ఆగుతారు. ఫ్యాన్ కింద పెట్టుకోవచ్చు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. మీద స్టిక్కర్‌కి మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి, రంగు లేచిపోతుంది.

స్లాట్

క్యాసెట్ శుభ్రం చేసి స్లాట్‌ని వదిలేయడం అంటే స్నానం చేసి మాసిన బట్టలు కట్టుకోవడమే. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, దానికి పలచటి పంచె ముక్క ఒక్క చుట్టు చుడితే క్యాసెట్ బోర్డంత అవుతుంది. కొంచెం ఆల్కహాల్ చల్లి నిటారుగా దించి నిటారుగా తీయండి, పది సార్లు. ఊపకండి, లోపలి స్ప్రింగులు వంగుతాయి. కార్డు పొట్టి అంచు స్లాట్ కన్నా చిన్నది కాబట్టి ఒకసారి ఈ మూల, ఒకసారి ఆ మూల. ఇదంతా పవర్ తీసేసి చేయాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

అడాప్టరు, టీవీ

అసలు అడాప్టరు ఉంటే గొడవే లేదు. లేకపోతే ఇంట్లో పడున్న వైఫై రౌటర్‌ది తెచ్చి గుచ్చకండి. పిన్ను లోపలికి పడుతుంది కానీ రౌటర్ వాటిలో సాధారణంగా మధ్యది పాజిటివ్, ఫ్యామికామ్‌లో మధ్యది నెగెటివ్. నకళ్ళు చాలా వరకు అసలుదాన్నే అనుసరిస్తాయి, అయినా డబ్బా వెనక గుర్తు చూసి, వోల్టులు చూసి అప్పుడే పెట్టండి. అమెరికా ఎన్‌ఈఎస్‌ది అయితే 9 వోల్టుల ఏసీ అడాప్టరు, అది ఫ్యామికామ్‌కి పెడితే ఇక ఆ డబ్బా పని అంతే.

టీవీకి పసుపు వైరు వీడియోలో, తెల్లది ఆడియోలో. కొత్త టీవీకి ఆ రంధ్రాలు లేకపోతే కన్వర్టర్ కొనాలి. తుపాకీ ఆటలు, డక్ హంట్ లాంటివి, ఎల్‌ఈడీ టీవీలో పనిచేయవు. అది మీ తప్పూ కాదు, క్యాసెట్ తప్పూ కాదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి బాతు ఉన్న చోట తెల్ల డబ్బా మెరుస్తుంది, తుపాకీ ఆ వెలుగుని పిక్చర్ ట్యూబ్ వేగంతో అందుకోవాలి, కొత్త టీవీ బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. దానికోసం తుపాకీ విప్పదీసి టెన్షన్ పడకండి.

ఫోన్‌లో ఎమ్యులేటర్, అంటే పాత గేమ్‌లు ఆడించే యాప్, వేసుకుంటే పోయేదానికి ఇంత తంటా ఎందుకు అంటాడు మా తమ్ముడు. గాజు పలక మీద బొటనవేళ్ళతో కాంట్రాలో ఎగిరి, గాల్లో కిందకి కాల్చి చూపించమనండి. అప్పుడు మాట్లాడదాం.

పరీక్ష

చాలామంది ఏదో ఒక గేమ్ వచ్చేసరికి అయిపోయింది అనుకుంటారు. ముందు 1985 నాటి మారియో పెట్టండి, అది మొత్తం 40 కిలోబైట్లే. క్యాసెట్‌లో ఆట నడిపే ప్రోగ్రాం ఒక చిప్‌లో, బొమ్మలు ఇంకో చిప్‌లో ఉంటాయి, వాటి పిన్నులు వేరు వేరు. తెర ఒకే రంగులో నిలబడిపోతే ప్రోగ్రాం పిన్నులు ఇంకా మురికిగా ఉన్నాయి. పాట వస్తూ ఆట నడుస్తూ, మారియో స్థానంలో అంకెలూ గీతలూ పరిగెడుతుంటే బొమ్మల పిన్నులు. బొమ్మ అంతా బాగుండి శబ్దం లేకపోతే వైరు మీదకి వెళ్ళే ముందు క్యాసెట్ చూడండి, ఫ్యామికామ్‌లో శబ్దం ఒక పిన్నులో క్యాసెట్‌లోకి వెళ్ళి పక్క పిన్నులో తిరిగి వస్తుంది.

తర్వాత 1988లో వచ్చిన మారియో 3 ఉంటే అది పెట్టండి. దాంట్లో తెర అడుగున స్కోరు పట్టీ ఉంటుంది చూడండి, పైన ఆట జరుగుతుంటే అది కదలకుండా నిలబడటానికి క్యాసెట్‌లోని చిప్ ఒక ప్రత్యేకమైన పిన్ను మీదుగా డబ్బాకి సైగ చేస్తుంది. పాత మారియో ఆ పిన్నుని వాడదు. కాబట్టి పాత మారియో చక్కగా ఆడి, మారియో 3లో పట్టీ మాత్రం వణుకుతూ చెదిరిపోతుంటే, డబ్బా పాడైందని ఎవరికో ఇచ్చేయకండి. మళ్ళీ విప్పి, బడ్ తడిపి, ఈసారి ఒక్కో పిన్నుకి ఒక్కో బడ్ వాడండి. క్యాసెట్ పీకే ముందు పవర్ ఆపండి.