వెంట్రుకలు గీసే కత్తి చెక్కను ఎందుకు కోయదు: బొమ్మలు చెక్కేవారికి సమస్య - పరిష్కారం

చేతిలో ఇమిడే చిన్న చెక్క బొమ్మలను కత్తితో చెక్కడం సరదాగా మొదలుపెట్టినవారు రెండు మూడు నెలలు గడిచాక నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. కోసిన చోట నునుపు రాకుండా నూగు లేస్తోందంటారు, సన్నటి ముక్కు విరిగిందంటారు, బొమ్మ నెర్రె విచ్చిందంటారు, ప్రతిసారీ తప్పు చెక్క మీదకే నెడతారు. చెక్క తప్పు ఉండే సందర్భాలు తక్కువ. కత్తి పట్టుకోవడం, బొటనవేలికి పట్టీ చుట్టుకోవడం వంటివి తెలిసినవారిని ఉద్దేశించి రాస్తున్నాను కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

నూగు ఒక వైపు కోతలోనే లేస్తోందా, అన్ని వైపులా లేస్తోందా?

ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి. మూడంగుళాల చిలక బొమ్మను తీసుకోండి. నార, అంటే చెక్కలో పోగులు సాగే దిశ, తల నుంచి తోక దాకా నిలువుగా ఉందనుకుంటే, తల మీద నుంచి మెడ పల్లంలోకి కోసినప్పుడు కోత గాజులా మెరుస్తుంది, అదే కోతను ఆపకుండా మెడ పల్లం నుంచి రొమ్ము మీదకు ఎక్కిస్తే కత్తి నార పోగుల కిందకు దూరి, అంచు చేరకముందే చెక్కను ముందుకు చీల్చుకుపోతుంది. మెడ పల్లానికి రెండు గట్టులున్నాయి. రెండింటి మీద నుంచీ కిందకే దిగాలి, నడుమ కలిపి ఆపాలి. చిత్రిక పట్టే వడ్రంగి పలకను తిప్పి పెట్టుకున్నట్టే, మీరు బొమ్మను చేతిలో తిప్పుకోవాలి. దిమ్మ మీద పెన్సిలుతో నార దిశకు ఒక బాణం గుర్తు వేసుకుని, చెక్కుతున్న కొద్దీ చెరిగినప్పుడల్లా మళ్లీ వేసుకోమని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు, వేసుకున్నవారు మాత్రం బహు తక్కువ.

వేప చెక్క విషయంలో ఈ సూత్రం పూర్తిగా పనిచేయదు. దాని నార పక్కపక్క పొరల్లోనే ఎదురెదురుగా అల్లుకుని ఉంటుంది కాబట్టి ఎటు కోసినా ఏదో ఒక చోట లేస్తుంది, పలచటి కోతలతో సర్దుకోవడం తప్ప మార్గం లేదు. నేర్చుకునే రోజుల్లో తెల్లపొణికి దొరికితే దాన్నే వాడడం మేలు. కొండపల్లిలోనూ నిర్మల్‌లోనూ బొమ్మలకు ఆ తేలిక చెక్కనే ఎంచుకున్నారంటే కారణం లేకపోలేదు. అమెరికాలో ఉన్నవారికి బాస్‌వుడ్ ఆ లోటు తీరుస్తుంది.

నూగు కాకుండా ప్రతి కోత పొడవునా ఒకే చోట సన్నటి తెల్లటి గీత పడుతుంటే, కత్తి అంచులో ఆ చోట చిన్న గంటు ఉందని అర్థం. టేకు ముక్కలతో పని చేసేవారికి అంచు త్వరగా దెబ్బతింటుంది, ఎందుకంటే టేకులో సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం, ఉంటుంది. గంటు పోయేదాకా సానరాయి మీద రుద్దండి, అంతకు మించి చెప్పవలసింది లేదు.

పదును ఉంది, పట్టు లేదు

ఇక నన్ను బాగా ఏడిపించిన సమస్యకు వస్తాను. దీని లక్షణం విచిత్రంగా ఉంటుంది. కత్తిని ముంజేతి మీద ఆనించి లాగితే వెంట్రుకలు రాలుతాయి, కాగితం అంచు చిరగకుండా తెగుతుంది. అదే కత్తిని చెక్క మీద పడుకోబెట్టి నెడితే మాత్రం పట్టు దొరకక జారిపోతుంది. వెన్నును కాస్త పైకి లేపితే ఒక్కసారిగా లోపలికి దిగి, అనుకున్నదానికి రెండింతలు మందంగా కోసేస్తుంది. పలచటి రేకు తీయడం అసాధ్యమవుతుంది. నార పోగుల కొసలు పైకి తేలే చోట, అంటే చిలక తల మీదా తోక చివరా, కోత మెరవకుండా పిండి అద్దినట్టు తెల్లగా నలుగుతుంది. చెక్క ఎంత మెత్తనిదైతే ఈ నలుగుడు అంత ఎక్కువ, ఎందుకంటే మెత్తటి పోగు తెగే ముందే అణిగిపోతుంది. గట్టి చెక్క దాచిపెట్టే కత్తి లోపాన్ని పొణికి బయటపెడుతుంది.

నేను ఈ లక్షణంతో ఒక వానాకాలమంతా పోగొట్టుకున్నాను. మొదట తేమ అనుకుని ముక్కలను బియ్యం డబ్బాలో దాచాను, తరువాత చెక్క మార్చాను, ఆ తరువాత మునుపటి దానికంటే ఖరీదైన కత్తి కొన్నాను. కొత్త కత్తి మొదటి వారం వెన్నలో దిగినట్టు దిగింది, మూడో వారానికి పాత దాని దారే పట్టింది. రెండు కత్తులకూ ఉమ్మడిగా ఉన్నవి నా చేయీ, నేను రోజూ పదును తీర్చుకునే తోలుపట్టీ మాత్రమేనన్న సంగతి అప్పటికి గానీ తట్టలేదు.

జరిగేది ఇది. చెక్కే కత్తికి అంచు దగ్గర రెండు పక్కలా ఏటవాలుగా సాన పట్టిన తలాలు ఉంటాయి. వాటిని ఇక్కడ వాలు అంటాను. రెండు వాలులూ కలిసే కోణం చెక్కుడు కత్తుల్లో సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఈ వాలు చదునుగా ఉన్నంతకాలం అది చెక్క మీద ఆని, కోత ఎంత లోతు దిగాలో తానే నిర్ణయిస్తుంది, చేయి నెట్టడానికే. మెత్తటి తోలు మీద గట్టిగా నొక్కి రుద్దినప్పుడు తోలు కత్తి కింద అణిగి, అంచు దాటగానే పైకి ఉబుకుతూ ఆ అంచునే చుట్టుకుని రుద్దుతుంది. దానికి తోడు ప్రతి గీత చివరా మణికట్టును తిప్పి కత్తిని లేపే అలవాటు ఉంటే అంచు మరింత అరుగుతుంది. ఇలా వందల గీతల తరువాత వాలు చివరి వెంట్రుకవాసి మేర గుండ్రంగా తిరుగుతుంది. అంచు మొనతేలే ఉంటుంది, కానీ ఆ మొన దగ్గరి కోణం 25 కాస్తా 40కి చేరుతుంది. వెంట్రుకలు గీసేటప్పుడు చేయి తనకు తెలియకుండానే కత్తిని ఆ కోణానికి లేపుతుంది కాబట్టి పరీక్షలో కత్తి నెగ్గుతుంది. చెక్క మీద వాలు ఆని ఉండడంతో అంచు చెక్కను తాకనే తాకదు. పదును పోయిందనుకుని మళ్లీ తోలు మీద ఇంకో యాభై గీతలు రుద్దుతాం, దానితో రోగం ముదురుతుంది.

పాత మంగలి దుకాణాల్లో కుర్చీకి వేలాడే తోలుపట్టీ మీద కత్తి నూరడం చూసి, అలాగే చేస్తే తప్పేమిటని కొందరు అడుగుతారు. క్షౌరపు కత్తికి వెన్ను మందంగా ఉంటుంది. నూరేటప్పుడు వెన్నూ అంచూ రెండూ తోలుకు ఆనుతాయి కాబట్టి కోణం తప్పదు. చెక్కుడు కత్తిలో ఆనడానికి ఆ సన్నటి వాలు తప్ప మరేమీ లేదు. వేలాడే తోలు దానికి పనికిరాదు.

పరీక్ష రెండు నిమిషాల పని. చెరగని మార్కర్ పెన్నుతో రెండు వాలులకూ నల్లగా సిరా పూయండి. సానరాయి మీద వాలును పూర్తిగా చదునుగా ఆనించి, నొక్కకుండా రెండే రెండు గీతలు లాగి చూడండి. వాలు మధ్యలో సిరా పోయి, అంచు పొడవునా నల్లటి సన్నని గీత మిగిలిందంటే అంచు గుండ్రబడింది. ట్యూబ్‌లైటు కింద కత్తిని మెల్లగా తిప్పినా తెలుస్తుంది. చదునైన వాలు అద్దంలా ఒక్కసారిగా మెరిసి ఒక్కసారిగా ఆరిపోతుంది, గుండ్రబడిన దాని మీద వెలుగు గీత పాకుతుంది. కొత్తగా పెట్టె విప్పిన కత్తికీ ఈ సిరా పరీక్ష చేయండి, కొన్నిటికి అంచు దగ్గర నిటారుగా ఇంకో చిన్న వాలు పట్టి అమ్ముతారు. లక్షణమూ మందూ అవే.

మందు తోలులో లేదు, రాయిలో ఉంది. 1000 గ్రిట్ రాయిని (గ్రిట్ అంకె పెరిగిన కొద్దీ రాయి నున్నగా ఉంటుంది) నీటిలో నానబెట్టి, వాలు మొత్తం ఆనేలా కత్తిని పడుకోబెట్టి, వేలి కొనను అంచుకు దగ్గరగా ఉంచి రుద్దండి. అంచు త్వరగా తాకాలన్న ఆత్రంలో వెన్నును రవ్వంత లేపారా, చేసినదంతా వృథా అవుతుంది. నల్ల గీత అంచు దాకా పూర్తిగా పోవాలి, అవతలి పక్కన బొటనవేలిని అంచుకు అడ్డంగా బయటికి జారిస్తే పిడి నుంచి మొన దాకా సన్నటి గరుకు తగలాలి. అదే బర్, అంటే అంచు మీద మడత పడి లేచిన లోహపు పొర. బాగా గుండ్రబడిన కత్తికి మొదటిసారి ఒక్కో పక్కకు అరగంట పట్టినా ఆశ్చర్యపోకండి. ఇక్కడ పదో నిమిషానికే విసుగెత్తి తోలు మీదకు దూకేవారే మళ్లీ వారానికి నా దగ్గరకు వస్తారు. రెండో పక్క కూడా అలాగే చేసి, 3000 లేదా 4000 రాయి మీద పక్కకు ఒకటి చొప్పున మార్చి మార్చి తేలిక గీతలతో బర్ పల్చబరచాలి. రాళ్లు లేనివారు దళసరి గాజు ముక్క మీద నీటిలో వాడే ఉప్పుకాగితాన్ని, 1000 తరువాత 2000, పరిచి రుద్దుకోవచ్చు. కాగితం చిరగకుండా కత్తిని వెన్ను వైపుకే లాగాలి.

తోలును మానేయమని కాదు. పాత బెల్టును మెత్తగా వేలాడనివ్వకుండా చదునైన ప్లైవుడ్ ముక్కకు అతికించండి. పాలిషింగ్ మైనాన్ని పొర కట్టేలా పులమకుండా క్రేయాన్‌తో గీసినట్టు పలచగా రాయండి. వాలును చదునుగా ఉంచి, వెన్ను ముందుగా వెళ్లేలా, కత్తి బరువుకు కొద్దిగా మించిన ఒత్తిడితో ఒక్కో పక్కకు పది పదిహేను గీతలు లాగండి. గీత చివర కత్తిని ఆపి నిలువుగా పైకి ఎత్తాలి, తిప్పకూడదు. నా వరకు నేను తోలు కూడా వదిలేసి, నేల టైలు మీద అట్ట డబ్బా ముక్కను పరిచి వాడుతున్నాను. అట్ట తోలులా ఉబకదు. అరగంట చెక్కుడుకు ఒకసారి ఇలా చేస్తే మళ్లీ రాయి అవసరం చాలాకాలం రాదు.

రాయి మీద పట్టిన కత్తి మొదటి ఐదారు కోతలు అద్భుతంగా కోసి హఠాత్తుగా చచ్చుబడితే, అది గుండ్రబడడం కాదు, బర్ తెగకుండా మిగిలి మడత పడింది. నున్నటి రాయి మీద తేలిక గీతలు మరికొన్ని, తోలు మీద ఇంకొన్ని వేస్తే చాలు.

విరిగే ముక్కులు, విచ్చే నెర్రెలు

చాచిన చేయి, పక్కకు తిరిగిన ముక్కు, ఏనుగు దంతం వంటివి పుటుక్కున విరిగితే, అక్కడ నార అడ్డంగా పడి పోగులు పొట్టివై ఉంటాయి. పదునైన కత్తి కూడా వాటిని కాపాడలేదు. దిమ్మ మీద బొమ్మను గీసేటప్పుడే అతి సన్నటి భాగం నార వెంట పడేలా తిప్పి గీయాలి. అలా కుదరని భంగిమ అయితే కొండపల్లి పద్ధతి అనుసరించండి. అక్కడి కళాకారులు చేతులను విడిగా, వాటి నార వాటికి ఉండేలా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఒకే చెక్కలో మొత్తం బొమ్మ తీయాలన్న పట్టుదల ఉన్నవారికి ఇది నచ్చదు, అది వారిష్టం.

నెర్రెలు విచ్చేది ఎక్కువగా కొమ్మను గుండ్రంగానే వాడినప్పుడు. చెక్క ఆరుతున్నప్పుడు వలయాల వెంట కుంచించుకునేంతగా నడిమికి కుంచించుకోదు, ఆ తేడా దాదాపు రెండింతలు ఉంటుంది. అందువల్ల నడుమ బెండు ఉన్న కొమ్మ ఎక్కడో ఒకచోట విచ్చుకోక తప్పదు. కొమ్మను బెండు మీదుగా రెండుగా చీల్చి, ఆ బెండును తీసేసి, కోసిన కొసలకు మైనమో ఫెవికాలో పూసి నీడలో ఆరనివ్వండి. త్వరగా ఆరాలని ఏప్రిల్ ఎండలో పెడితే బెండు తీసిన ముక్క కూడా కొసల దగ్గర పగులుతుంది.

మిగిలినవి అరుదు. పిండిలా రాలే ముక్క పుచ్చిందని అర్థం, పారేయండి. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో ఒక గీత మెత్తగా, పక్క గీత గట్టిగా ఉండి నలుగుతుంది. దాన్ని పొయ్యిలోకి వదిలేయడమే మంచిది. కరెంటు సాన మీద పట్టించినప్పుడు అంచు నీలంగా మారిన కత్తి అక్కడ మెత్తబడి ఎంత పట్టినా పదును నిలపదు. ఆ నీలం పోయేదాకా చేత్తో రాయి మీద అరగదీయాలి, లేదా దాన్ని కూరగాయలకు వాడుకోవాలి.