తరలి వెళ్ళే మగపెళ్ళివారికి వాహనాల ఏర్పాటు

మగపెళ్ళివారి ప్రయాణం గురించి ఇంట్లో జరిగే చర్చంతా వెళ్ళడం చుట్టూనే తిరుగుతుంది. అందరూ ఒకే పూట, ఒకే చోటికి బయలుదేరతారు కనుక అది కొంత తేలికైన పనే. ఇబ్బందులన్నీ తిరుగు ప్రయాణంలో వస్తాయి. భోజనాలు కాగానే ఇల్లు చేరాలనుకునేవారు, తలంబ్రాలు చూసి బయలుదేరేవారు, అప్పగింతల తరువాత వధూవరులతో కలిసి వచ్చేవారు అని జనం మూడు జట్లుగా విడిపోతారు. అందుచేత ముందు ఈ మూడు జట్ల లెక్క తేల్చుకొని, ఆ తరువాతే బండ్లు మాట్లాడాలని నా గట్టి అభిప్రాయం. ఖమ్మం నుంచి తెనాలికి సుమారు 90 మంది తరలి వెళ్తున్నారని, ముహూర్తం రాత్రి 2 గంటలు దాటాక ఉందని అనుకుని వివరిస్తాను.

శుభలేఖలు ఎన్ని పంచామన్నది ఇక్కడ లెక్కకు రాదు. ఇంటింటికీ ఫోన్ చేసి, ఎందరు వస్తున్నారో, ఎక్కడ ఎక్కుతారో, సొంత కారులో వస్తారా అన్నది, మళ్ళీ ఎప్పుడు బయలుదేరాలనుకుంటున్నారో అడిగి ఒక పుస్తకంలో రాసుకోవాలి. రాత్రి ప్రయాణంలో నిద్రపోయే పిల్లలను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం కష్టం కనుక వారికీ సీటు లెక్కించాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు బస్సు మెట్లు ఎక్కలేరు. వారిని కార్లలో సర్దాలి. మన ఉదాహరణకు 50 సీట్ల బస్సు ఒకటి, 17 సీట్ల టెంపో ట్రావెలర్ ఒకటి, ఇన్నోవాలు రెండు మాట్లాడితే, మిగిలిన కొద్దిమంది సొంత కార్లలో సరిపోతారు. రెండు బస్సుల కన్నా ఇదే మేలు, ఎందుకంటే ముందుగా తిరిగి వెళ్ళే జట్టుకు ట్రావెలర్‌ను విడిగా పంపవచ్చు.

లగ్నపత్రిక రాసుకున్న వారంలోనే బండ్లు ఖాయం చేసుకోవాలి. ఆషాఢం, మూఢం వంటి రోజుల్లో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మంచి ముహూర్తాలన్నీ కొద్ది తేదీల్లోనే గుమిగూడతాయి, ఆ తేదీల్లో బండ్లు దొరకడం గగనమవుతుంది. రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ పెళ్ళిళ్ళకు బస్సులు అద్దెకు ఇస్తాయి. కిలోమీటర్ల లెక్క డిపో నుంచి మొదలవుతుందా, కనీస ఛార్జీ ఎంత, ఎన్ని గంటలు దాటితే వెయిటింగ్ పడుతుంది, డిపాజిట్ ఎంత అన్నవి డిపోలోనే అడిగి తెలుసుకోవాలి. ప్రైవేటు బండి అయితే డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా, రాష్ట్రం దాటితే కట్టాల్సిన పన్ను ఎవరు భరిస్తారో కాగితం మీద రాయించుకోవాలి. అద్దెకు తీసుకునే బండికి పసుపు నంబరు ప్లేటు తప్పనిసరి; సొంత వాడకానికి రిజిస్టరైన కారును కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కులొస్తాయి. సరుకులు మోసే డీసీఎం వ్యానులోనో ట్రాక్టరులోనో జనాన్ని ఎక్కించడం ఎంత దగ్గరి ఊరికైనా సరే ఒప్పుకోకూడదు.

చెన్నై, బెంగళూరు వంటి చోట్ల నుంచి రైల్లో వచ్చేవారి టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. పెళ్ళి బృందంగా టికెట్లు తీసుకున్నప్పుడు, రైలు బయలుదేరడానికి 48 గంటల ముందు బృందం పెద్ద రాతపూర్వకంగా కోరితే, మొత్తం సంఖ్యలో 10 శాతం వరకు పేర్లు ఒకసారి మార్చుకోవచ్చు.

బయలుదేరే వేళను వర్జ్యం, రాహుకాలం చూసి పురోహితుడు చెబుతారు. ఆ వేళకు వరుడి కారు నిమ్మకాయలు తొక్కించుకుని కదిలి గుడి దగ్గర ఆగితే చాలు, బస్సు తన సమయానికి తాను వెళ్ళవచ్చు. ఖమ్మం నుంచి తెనాలి సుమారు 150 కిలోమీటర్లు. టీకి ఆగడంతో కలిపి బస్సుకు నాలుగున్నర గంటలు పడుతుందనుకోవాలి. సాయంత్రం 6 గంటలకు ఎదుర్కోలు ఉంటే 4 గంటలకల్లా విడిదిలో దిగాలి కనుక ఉదయం పదకొండున్నరకు మించి ఆలస్యం చేయకూడదు, బస్సులో పంచడానికి పులిహోర పొట్లాలు సిద్ధంగా ఉంచాలి. కృష్ణ దాటడానికి బస్సును ప్రకాశం బ్యారేజీ వైపు కాక కనకదుర్గ వారధి మీదుగా పంపాలి. మంగళసూత్రాలు, మట్టెలు, తలంబ్రాల చీర ఉన్న పెట్టె వరుడి తల్లి చేతిలో, ఆమె కూర్చునే కారులోనే ఉండాలి. బస్సు డిక్కీలో వేయకూడదు.

ముహూర్తాల రోజున ఒకే వీధిలోని కల్యాణ మండపాల ముందు ఐదారు పెళ్ళి బస్సులు నిలబడి ఉంటాయి, అన్నింటి అద్దాల మీదా అంటించిన కాగితాలపై పూల బొమ్మల నడుమ వధూవరుల పేర్లే కనిపిస్తాయి. చీకట్లో నిద్రకళ్ళతో వచ్చేవారు పొరబడకుండా ఆ కాగితం మీద మన ఊరి పేరు, బస్సు నంబరు, బస్సు బాధ్యత చూసేవారి ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించాలి. తలలు లెక్కపెట్టే బాధ్యత ఒక్కో బండికి ఒక్కరిదే కావాలి.

ట్రావెలర్ రాత్రి పది దాటకుండా పెద్దలతో, బడి పిల్లలతో బయలుదేరాలి; అర్ధరాత్రి దాటాక చేరుతుంది కాబట్టి ఎవరి ఇంటి ముందు వారిని దించమని ముందే మాట్లాడుకోవాలి. బస్సు డ్రైవర్‌కు మొదటి పంక్తిలోనే భోజనం పెట్టి, విడిదిలో ఒక గది, మంచం ఇచ్చి నిద్రపోనివ్వాలి. చట్టం ప్రకారం డ్రైవర్ పని రోజుకు 8 గంటలు. ఆయన తెల్లవారేదాకా మేలుకొని ఉంటే వెంటనే బండి తీయమని తొందరపెట్టకూడదు. కొన్ని గంటలు నిద్రపోయాకే బయలుదేరాలి, లేదా రెండో డ్రైవర్‌ను ముందే మాట్లాడుకోవాలి. కిలోమీటర్ల రీడింగును బయలుదేరేటప్పుడు, తిరిగి చేరాక ఫోటో తీసుకుంటే లెక్క దగ్గర వాదన ఉండదు.

వధూవరుల కారు గృహప్రవేశపు ముహూర్తానికి అందేలా కదలాలి. దానికి పూలు కట్టేవారికి ముందు అద్దం, నంబరు ప్లేటు కప్పవద్దని చెప్పాలి. పెళ్ళికూతురి వెంట తోడపెళ్ళికూతురు, మరో నలుగురైదుగురు ఆడపెళ్ళివారు, సారె బిందెలు, పెట్టెలు వస్తాయి. వీటి సంగతి చాలామందికి అప్పగింతల వేళ గాని గుర్తురాదు. వారికి రెండో ఇన్నోవాను ఖాళీగా ఉంచి, వారు తిరిగి తెనాలి వెళ్ళే రోజుకు కూడా అదే బండిని మాట్లాడి పెట్టాలి.