యూరప్‌కు మన్యం కాఫీ: తోట లొకేషన్ దగ్గర పొరపాటు జరగకుండా

మొన్న పాడేరు వైపు నుంచి ఒక రైతు సంఘం వాళ్లు వచ్చారు. 'యూరప్ సర్టిఫికెట్' ఇప్పిస్తానన్న మనిషికి ఇంటికింత అని పోగేసి కట్టేశారట. అలాంటి సర్టిఫికెట్టే లేదు. యూరోపియన్ యూనియన్ ఏ రైతుకూ దాన్ని ఇవ్వదు, ఎవరి చేతా ఇప్పించదు.

ఉన్నది 2023లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన అడవుల నరికివేత నిరోధక చట్టం, అందరూ ఈయూడీఆర్ అంటున్నది. అడవి కొట్టిన నేలలో పండిన కాఫీ లాంటి సరుకును అక్కడ అమ్మనివ్వకపోవడమే దాని ఉద్దేశం. పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబరు 30 నుంచి, చిన్నవాటికి 2027 జూన్ 30 నుంచి అమలవుతుంది. సరుకు దించుకునే అక్కడి దిగుమతిదారే ఆన్‌లైన్‌లో డిక్లరేషన్ వేసి రిఫరెన్స్ నంబరు తీసుకుంటాడు. దానికి ఫీజు లేదు. మన వైపు నుంచి వెళ్లాల్సినవి రైతు పేరు, చిరునామా, సరుకు బరువు, కోత కాలం, భూమి హక్కు కాగితం, తోట లొకేషన్. 2025 మేలో భారత్‌ను తక్కువ రిస్కు దేశాల్లో చేర్చారు కాబట్టి ఇవేవీ అక్కర్లేదని కొందరు చెబుతున్నారు. నమ్మకండి. తగ్గింది దిగుమతిదారు చేయాల్సిన రిస్కు లెక్కలే. లొకేషన్ ఇవ్వక తప్పదు.

ఎక్కువమంది తప్పు చేసేదీ అక్కడే. ఆ సంఘం వాళ్ల జాబితా తెరిచి చూస్తే నలభై మంది రైతులకు ఒకే లొకేషన్ అంకెలు. డబ్బు తీసుకున్న మనిషి కొండెక్కలేదు. కాఫీ కొనే షెడ్డు దగ్గర నిలబడి ఒకసారి లొకేషన్ పట్టి, అందరికీ అదే కొట్టేశాడు. తోట 4 హెక్టార్లు, అంటే పదెకరాలకు కాస్త తక్కువ, దాటితే హద్దు చుట్టూ నడిచి గీత పట్టాలి. అంతలోపైతే ఒక్క బిందువు చాలు. అయితే ఆ బిందువు తోటలో పడాలి, ఇంటి దగ్గరో సంత దగ్గరో కాదు. అక్షాంశం, రేఖాంశం రెండింటిలోనూ చుక్క తర్వాత ఆరు అంకెలుండాలి. మూడు అంకెలతో ఆపితే వంద మీటర్లు అటూ ఇటూ అవుతుంది. మన కొండల్లో వంద మీటర్లంటే గెడ్డ (వాగు) దాటి అవతలి అడవిలో పడ్డట్టే.

ఇంకొకటి. పాడేరు దగ్గర అక్షాంశం 18తో, రేఖాంశం 82తో మొదలవుతాయి. లొకేషన్లు పంపే జియోజేసన్ (GeoJSON) ఫైల్లో రేఖాంశం ముందు రాయాలి. తారుమారైతే మీ తోట ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రంలో తేలుతుంది. ఫైలు పంపేముందు మ్యాప్ మీద తెరిచి, బిందువు మీ సిల్వర్ ఓక్ చెట్ల మీదే పడిందో లేదో కళ్లారా చూసుకోండి.

పట్టా మీద 'అటవీ భూమి' అని ఉందని భయపడి కొందరు ఆ కాగితాన్నే బయటికి తీయడం లేదు. దాచకండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా మీ సాగు హక్కుకు రుజువు. యూరప్ వాళ్లు చూసేది కాగితంలో అడవి అన్న మాట ఉందా అని కాదు, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టి ఆ నేలను సాగులోకి తెచ్చారా అని. అంతకుముందు నుంచి సాగులో ఉన్న తోటలో ఎన్ని నీడ చెట్లున్నా, వాటికి మిరియాల తీగలున్నా అది వ్యవసాయ భూమి కిందికే వస్తుంది. ఆ తేదీ తర్వాత అడవి కొట్టి వేసిన తోట ఉంటే మాత్రం దాని గింజను విడిగా ఆరబెట్టి, విడిగా మూటకట్టండి, విడిగానే అమ్మండి. విడదీయలేనంతగా కలిసిపోతే మిగతా రైతుల సరుకు కూడా ఆగిపోతుంది.

ఎవరి చేత లొకేషన్ పట్టించినా, కోతకు ముందే రైతు పేరు, పట్టా నంబరు, అంకెలు ఉన్న జాబితా ఒక కాపీ అడిగి తీసుకోండి. ఇద్దరు రైతులకు అవే అంకెలు కనిపిస్తే ఆ జాబితా తిప్పి పంపేయండి.