బండి తాళం కన్నా ముందు క్యాలెండరు: ఎల్‌ఎల్‌ఆర్ నుంచి రోడ్డు పరీక్ష దాకా

ఇంటర్ చివరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రమే మా మేనకోడలు అడిగిన మొదటి మాట, "మామయ్యా, నాకు లైసెన్సు ఎప్పుడు?" అని. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఆ వయసు పిల్లలున్న ప్రతి ఇంట్లో వేసవిలో వినబడే ప్రశ్నే ఇది. జవాబు చెప్పాలంటే ముందు క్యాలెండరు తీయాలి. ఈ వ్యవహారంలో దరఖాస్తు నింపడం సులువు. తేదీలు లెక్క వేసుకోకపోవడం వల్లే చాలామంది రెండోసారి రుసుము కడుతున్నారు.

మొదటి లెక్క వయసుది. కారుకైనా గేర్లున్న మోటారు సైకిలుకైనా 18 ఏళ్లు నిండాలి. నిండటమంటే పుట్టినరోజు దాటడమే, "వచ్చే నెలకి నిండుతాయి" అంటే కుదరదు. ఇంటర్ అయిపోయినా చాలామంది పిల్లలకు ఇంకా 17 నడుస్తూ ఉంటుంది. 16 నిండితే గేరు లేని బండికి ఇస్తారట కదా అని అడుగుతారు. నిజమే, చట్టంలో ఆ వీలుంది, తల్లో తండ్రో సంరక్షకులో సమ్మతి సంతకం చేయాలి కూడా. కానీ అది 50 సీసీ మించని బండికే. మన వీధుల్లో తిరిగే స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైవే. ఆ లైసెన్సు జేబులో పెట్టుకుని 110 సీసీ స్కూటరు నడిపితే చట్టం దృష్టిలో లైసెన్సు లేనట్టే.

"ట్యూషనుకే కదా, పక్క వీధే కదా" అని తాళం ఇచ్చే తండ్రులు ఒక్క సంగతి తెలుసుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే దానికి బాధ్యత సంరక్షకుడిది లేదా బండి యజమానిది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. వీటన్నిటికన్నా పిల్లలకు తగిలే దెబ్బ పెద్దది: 25 ఏళ్లు వచ్చేదాకా ఆ పిల్లవాడికి ఎల్‌ఎల్‌ఆర్ (బండి నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) కూడా ఇవ్వరు. ఇంకో ఏడాది ఆగలేక ఏడేళ్లు పోగొట్టుకున్నట్టు.

18 నిండాక ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు చేయాలి. కేంద్ర రవాణా శాఖ వారి సారథి పోర్టల్‌లో రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంటే ఆ సేవ కనిపిస్తుంది. కూర్చునే ముందు ఆధార్‌నూ పదో తరగతి మార్కుల జాబితానూ పక్కపక్కన పెట్టి చూడండి. పుట్టిన తేదీ, ఇంటిపేరు, తండ్రి పేరు రెండింట్లో ఒకేలా ఉన్నాయా? బడిలో చేర్పించినప్పుడు ఒక తేదీ, ఆధార్ తీయించినప్పుడు మరో తేదీ ఇచ్చిన ఇళ్లు మన వైపు తక్కువేమీ కాదు. తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవాలి, లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆధార్‌కు జోడించిన ఫోను నంబరు తరచుగా తండ్రిదై ఉంటుంది. ఓటీపీ వచ్చే వేళకు ఆయన పొలంలోనో డ్యూటీలోనో ఉంటే పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఫారం 1 అనేది ఆరోగ్యం గురించి మనం ఇచ్చే స్వీయ ప్రకటన. చదవకుండా టిక్కులు పెట్టేస్తారు. అందులో ఒక ప్రశ్న ఉంది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన ఉన్న కారు నంబరు ప్లేటు చదవగలరా? దీన్ని ఇంటి ముందే పరీక్షించుకోవచ్చు. ఆగి ఉన్న కారు నుంచి సుమారు 35 అంగలు వేసి వెనక్కి తిరిగి చూడమనండి. రెండేళ్లు పుస్తకాలకు అతుక్కుపోయి చదివిన పిల్లల్లో కొందరికి కళ్లద్దాలు కావాలన్న సంగతి అప్పుడే బయటపడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా అన్నదీ అక్కడే అడుగుతారు.

రుసుముల సంగతి. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో తరగతి వాహనానికి 150 రూపాయలు, దాని పరీక్షకు 50. తరవాత రోడ్డు పరీక్షకు ఒక్కో తరగతికి 300, లైసెన్సు జారీకి 200. అంటే బైకు ఒక్కటే అయితే మొదట 200, తరవాత 500. కారు కూడా కలిపితే 350, తరవాత 800. వీటిపైన రాష్ట్రం సేవా రుసుములు ఉంటాయి. పోర్టల్ చూపించే మొత్తానికీ దళారి చెప్పే మొత్తానికీ మధ్య తేడా ఎంతో చూసుకుంటే, ఆయనకు ఇచ్చేది దేనికో మీకే అర్థమవుతుంది.

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది, తెలుగులో రాయవచ్చు. 60 శాతం వస్తే ఉత్తీర్ణులే. ట్రాఫిక్ గుర్తులు అందరూ చదువుకుంటారు. కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు ఏం చేయాలి, ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే డ్రైవరు విధులేమిటి, బండిలో ఏయే కాగితాలుండాలి అనేవి కూడా అడుగుతారు. వాటిని వదిలేసి వెళ్లకండి.

ఇప్పుడు అసలు లెక్క. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చాక 30 రోజులు నిండితే గాని రోడ్డు పరీక్షకు వెళ్లనివ్వరు. అంటే చేతిలో ఉండేది సుమారు అయిదు నెలలు. మే 10న ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందనుకుందాం. జూన్ రెండో వారం నుంచి పరీక్షకు అర్హత వస్తుంది, నవంబరు రెండో వారానికల్లా గడువు తీరిపోతుంది. మధ్యలో పిల్లలు విశాఖలోనో విజయవాడలోనో హాస్టల్‌కు వెళ్లిపోతారు. గడువు దాటితే మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి, రుసుములు మళ్లీ కట్టాలి. అందుకే హాస్టల్‌కు వెళ్లకముందే పరీక్ష ముగించుకోవడం మేలు. కుదరకపోతే దసరా సెలవులు చివరి అవకాశం అనుకోండి. విజయనగరం వాళ్లు ఒక్కటి చూసుకోవాలి: పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం దసరా దాటాక వచ్చే మంగళవారం. ఆ చుట్టుపక్కల రోజుల్లో ఊళ్లోకి బండి తీసుకుని రావడమే ఒక పరీక్ష. పరీక్షకు ముందుగా తీసుకునే సమయం, అదే స్లాటు, అటో ఇటో పెట్టుకోండి.

31వ రోజునే స్లాటు పెట్టేయాలన్న ఆత్రం తల్లిదండ్రులకే ఎక్కువ. నా మాటకైతే 45వ రోజు మంచిది. మొదటిసారి తప్పితే మళ్లీ రుసుము కట్టి 7 రోజులు ఆగి రావాలి. వరుసగా మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

ఈ 30 రోజులూ ఎల్‌ఎల్‌ఆర్ ఉంది కదా అని ఒంటరిగా తిరగడానికి కాదు. పక్కన ఆ తరగతి లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. బైకు మీదైతే వెనక కూర్చోదగింది నేర్పే మనిషి ఒక్కరే, స్నేహితులు కాదు. ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు, గీత మందం 2. దీనికి కొలతలుంటాయని చాలామందికి తెలియదు, నోటుబుక్కు కాగితం మీద పెన్నుతో రాసి అతికించేస్తారు.

మా మేనకోడలి సాధన ఊరి కళ్లంలో జరిగింది. కోతలు, నూర్పులు అయిపోయిన నేల, గట్టిగా, చదునుగా ఉంటుంది. బైకు పరీక్షలో కాలు ఆనకుండా 8 ఆకారంలో నడపాలి కదా, తెల్లవారుజామున వాళ్ల అమ్మ ముగ్గుపిండి డబ్బా తెచ్చి పెద్ద 8 గీసింది. మొదటి రోజు అమ్మాయి ముందు చక్రం వైపే చూస్తూ నడిపింది. చూపు కిందికి పోయిన ప్రతిసారీ కాలు నేలకు ఆనింది. చక్రాన్ని కాదు, తరవాతి వంపును చూడమన్నాం. మలుపులో ముందు బ్రేకు ముట్టుకోవద్దని, యాక్సిలరేటరు కొంచెం పట్టుకుని వెనక బ్రేకుతో వేగం తగ్గించుకోమని చెప్పాం. నాలుగో రోజుకు ముగ్గు చెరగలేదు. పరీక్ష పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు మాత్రం రెండో వంపులో కాలు ఆనేసింది! ఏడు రోజుల తరవాత వెళ్లి నెగ్గింది. ఆ వారమంతా రోజూ ఇరవైసార్లు తిరిగిందని వాళ్ల అమ్మ లెక్క.

కారుకైతే 'హెచ్' ఆకారంలో ముందుకూ వెనక్కీ నడపడం అందరూ సాధన చేస్తారు. ఎక్కుడులో ఆపి, హ్యాండ్ బ్రేకుతో వెనక్కి జారకుండా మళ్లీ కదలడం కూడా నిబంధనల్లో ఉన్న అంశమే. రద్దీ లేని వంతెన దారి చూసుకుని ఉదయం పూట చేయించండి. జాతీయ రహదారి 16 మీదికి మాత్రం ఈ నెలలో వెళ్లకండి. పల్లె రోడ్డుపై ధాన్యం ఆరబోసి ఉంటే పక్కనుంచి ఎలా వెళ్లాలో కూడా చూపించండి, అది ఏ పరీక్షలోనూ లేదు గానీ మన దగ్గర రోజూ పనికొస్తుంది.

పరీక్షకు ఏ తరగతి కోరారో ఆ బండే తీసుకెళ్లాలి. గేర్ల బైకుకు దరఖాస్తు చేసి స్కూటరు మీద వెళితే వెనక్కి పంపుతారు. అరువు బండి అయితే దాని ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం గడువులు ముందు రోజే చూసుకోండి. ఎల్‌ఎల్‌ఆర్, స్లాటు రసీదు, ఆధార్ దగ్గరుంచుకోండి. హెల్మెట్ పెట్టుకుంటే చాలదు, పట్టీ బిగించాలి.

నెగ్గాక వచ్చే లైసెన్సు 40 ఏళ్లు వచ్చేవరకు చెల్లుతుంది, డిజిలాకర్‌లోని ప్రతి కూడా చట్టపరంగా చెల్లుబాటే. పేరు, పుట్టిన తేదీ, వాహన తరగతి అందులో సరిగా పడ్డాయో లేదో వెంటనే చూసుకోండి. పరీక్ష నెగ్గిన రోజుకూ లైసెన్సు జారీ అయిన రోజుకూ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. అందాకా ఎర్రని 'ఎల్' పలక తీయకూడదు.