బ్రేక్ ప్యాడ్లు కొనే ముందు

పాత ప్యాడ్లను వెంట తీసుకెళ్లండి. ప్యాడ్లు విప్పిన బైకును మాత్రం నడపకండి. ఒకే మోడల్‌లో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నదానికీ లేనిదానికీ కాలిపర్, అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం, వేరుగా ఉండవచ్చు. బండి పేరు చెబితే చాలదు. ఆకారం, పిన్ను రంధ్రాలు పక్కపక్కన పెట్టి చూడాలి.

రోజూ ఊళ్లో తిరిగే బండికి ఆర్గానిక్ రకం (జిగురుతో పీచు కలిపి చేసిన మెత్తని ప్యాడ్) చాలు. సింటర్డ్ ప్యాడ్ (లోహపు పొడిని వేడితో అదిమి చేసినది) వేడికీ వానకూ బాగా తట్టుకుంటుంది, కానీ తనకు తగని డిస్కును త్వరగా అరగదీస్తుంది. బండితో వచ్చిన పుస్తకంలో ఏది ఉంటే అదే కొనండి.

డిస్కు మీద చెక్కిన కనీస మందం చూశారా? వేలిగోరు తగులుకునేంత గాడి ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోండి.

కొత్త ప్యాడ్లకు గ్రీజు చేతులు తగలనివ్వకండి.

బిగించాక లివరు గట్టిపడేదాకా పదేపదే నొక్కండి. మొదటిసారి అది మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేకు పడదు.