పెరటి పండ్ల చెట్లు – 4వ పాఠం: చెర్రీకి చలి, బత్తాయికి బెట్ట

తీపి చెర్రీని నల్లగొండలో పెంచవచ్చునా అని అడిగేవారికి, మొక్క కొంతకాలం బతకవచ్చు గాని కాపును ఆశించవద్దన్నదే సమాధానం. కశ్మీరు తోటల్లో ఎండాకాలంలోనే రూపుకట్టిన చెర్రీ పూమొగ్గ, ఆకు రాలిన తరువాత చలికాలమంతా నిద్రలో ఉండి, రకాన్ని బట్టి సుమారు 700 నుంచి 1,200 గంటలపాటు 7 డిగ్రీల లోపు చలి సోకితే తప్ప సరిగా విచ్చుకోదు. మన దగ్గర డిసెంబరు రాత్రి 12, 13 డిగ్రీలకు దిగినా మధ్యాహ్నానికి మళ్లీ 30కి చేరువవుతుంది. నర్సరీలో చెర్రీ పేరుతో దొరికేది తరచుగా బార్బడోస్ చెర్రీ; అది మంచి మొక్కే గాని, దీనికి చుట్టం కాదు.

పూతకు ముందు విశ్రాంతి కోరడం మాత్రం బత్తాయికీ ఉంది. ఆ విశ్రాంతిని నీటి ఎద్దడితో మనమే ఇవ్వవచ్చు కనుకనే నల్లగొండ జిల్లా గుర్రంపోడు, నిడమనూరు వైపు రైతులు తోటలను బెట్టకు పెడతారు, అంటే కొన్నాళ్లు నీరు ఆపుతారు. పెరట్లోని ఒక్క చెట్టుకూ అదే పద్ధతి వర్తిస్తుంది.

నాలుగేళ్లు నిండని చెట్టును, ఎండుపుల్ల ఎక్కువగా ఉన్న నీరసపు చెట్టును బెట్టకు పెట్టకూడదు. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు డిసెంబరులో నీరు ఆపండి. ఎర్ర చెలక నేలలో రెండు మూడు వారాలు చాలు. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి నెల దాటవచ్చు. పెరట్లో ఎక్కువగా బెట్టను చెడగొట్టేది స్నానాల గది నీళ్లే. ఆ కాలువ చెట్టు వేర్ల వైపు పారుతుంటే ముందు దానిని మళ్లించండి, లేకుంటే నెల గడిచినా చెట్టు పచ్చగానే ఉంటుంది.

రోజులు లెక్కపెట్టడం కంటే ఆకును చూడటం మేలు. మధ్యాహ్నం ఆకు దోనెలా ముడుచుకొని, తెల్లవారేసరికి మళ్లీ విప్పారితే ఇంకా ఆగవచ్చు. సూర్యోదయానికి కూడా ముడుచుకొనే ఉండి, ముదురాకులు కొన్ని పసుపు తిరిగి రాలడం మొదలైతే ఇక ఒక్కరోజు కూడా ఆగవద్దు. అక్కడి నుంచి కొమ్మలే ఎండిపోతాయి.

అప్పుడు ఎండుపుల్లలు కత్తిరించి, పాదును వేర్లు తెగకుండా పైపైన తవ్వి, మాగిన పశువుల ఎరువు రెండు మూడు గంపలు వేయండి. మొదటి తడి పలుచగా ఇచ్చి, వారం తరువాతే నిండు తడి ఇవ్వాలి. ఎండిన చెట్టుకు ఒక్కసారిగా నీరు నిలగడితే వచ్చిన పూత కూడా రాలిపోతుంది. పాదుకు లోపల ఇంకొక చిన్న కట్ట వేసి మొదలుకు నీరు తగలకుండా చూసుకోండి, ఎందుకంటే బత్తాయి మొదలును కుళ్లబెట్టే బంక తెగులు ఆ తడి నుంచే వస్తుంది.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చిన పూత కోతకు రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ఈలోగా బఠాణీ గింజంత పిందెలు రాలడం కనిపిస్తుంది. అందులో ఎంత సహజమో, ఎంత నీటి లోపమో వచ్చే పాఠంలో చూద్దాం.