బయటి గోడ ప్లాస్టరింగ్ రిపేరుకు దిగే ముందు

మేస్త్రీని పిలిచే ముందే గోడంతా సుత్తి పిడితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గీయండి, ఎందుకంటే పైకి బాగానే కనిపించే ప్లాస్టరింగ్ లోపల ఇటుకను వదిలేసి ఉంటుంది, దాని మీదే పూత వేస్తే అతుకుతో సహా ఊడి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

- సన్నటి వెంట్రుక బీటలకు టెన్షన్ వద్దు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే బీట అయితే రెండు చివర్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి తేదీ రాయండి, అది పెరుగుతుంటే ముందు ఇంజనీర్‌కు చూపించాలి.
- చెమ్మ ఎక్కడి నుంచి వస్తోంది? పిట్టగోడ, సజ్జా, పైపు జాయింట్లు చూడండి. నీళ్లు ఆపకుండా పూత వేయడం శుద్ధ దండగ.
- సర్వీస్ వైరు దగ్గరుంటే లైన్‌మన్‌తో కరెంటు తీయించాకే పరంజా కట్టించండి. ఇందులో మొహమాటం వద్దు.
- పిల్లర్, ఇటుక కలిసేచోట పూత కింద చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగ జాలీ) కొట్టించండి.
- క్యూరింగ్‌కు, అంటే కొత్త పూతను తడుపుతూ ఉండటానికి, కనీసం వారం నీళ్లు ఉన్నాయా? లేకపోతే పని వాయిదా వేయండి.